67 బీపీఎం, జి మేజర్, ప్రశాంతం: చెల్లో రికార్డింగ్ కింద రాసే మూడు మాటల కథ

చెల్లో అంటే వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాద్యం. ఏదైనా చెల్లో రికార్డింగ్ పేరు ఇంటర్నెట్‌లో కొట్టి వెతికితే వివరాల్లో మూడు ముక్కలు కనిపిస్తాయి. వేగం 67 బీపీఎం (నిమిషానికి పడే తాళం దెబ్బలు), కీ జి మేజర్ (ఏ స్వరం ఆధారంగా ఏ స్వరాలు వాడారో చెప్పే పేరు), మూడ్ ప్రశాంతం. చూడ్డానికి మనిషి ఎత్తు, బరువు, బ్లడ్ గ్రూపు రాసినట్టే ఉంటుంది, కొలిచేశారు, ఇక అనుమానం అక్కర్లేదు అన్నట్టు. తీరా అదే రికార్డింగ్‌కి ఇంకోచోట వేగం 134 అనీ, కీ డి మేజర్ అనీ, మూడ్ విషాదం అనీ ఉంటుంది. అప్పుడు ఎవరి మాట నమ్మాలో తెలియదు. చాలాసార్లు ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు, వాళ్ళు కొలిచింది వేరు, మనం అడిగింది వేరు, అంతే.

నా ఉద్దేశంలో అసలు చిక్కు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడంలో ఉంది. వేగం వాయించే మనిషి ఆ రోజు తీసుకున్న నిర్ణయం. కీ సగం స్వరకర్తది, మిగతా సగం వాద్యాన్ని ఎంత శ్రుతికి బిగించారన్నదాని మీద ఉంటుంది. మూడ్ సంగతికొస్తే, ఎక్కువ భాగం యంత్రం, అంటే శబ్దాన్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్, చేసిన ఊహ. ఇవి ఒకదానికొకటి ఎలా అడ్డం పడతాయో చెప్పాలంటే ఒక రచనని పట్టుకుని కూర్చోవాలి. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన చెల్లో సూట్లలో (నాట్య ముక్కల వరసని సూట్ అంటారు) మొదటిదాని ప్రెల్యూడ్, అంటే ప్రారంభ ముక్క, తీసుకుందాం. పేరు తెలియకపోయినా వినగానే "ఓ, ఇదా" అంటారు, సినిమాల్లో, ప్రకటనల్లో అంతగా వాడేశారు దాన్ని.

ముందు వేగం. బాఖ్ ఈ ఆరు సూట్లని 1720 ప్రాంతంలో, జర్మనీలోని కోతెన్ ఆస్థానంలో పనిచేసేటప్పుడు రాశాడని పండితుల లెక్క. ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు, ఆయన భార్య అన్నా మగ్దలేనా రాసి పెట్టిన నకలే మనకి ముఖ్యమైన ఆధారం. అందులో ఈ ప్రెల్యూడ్ పైన వేగం గురించి ఒక్క మాట కూడా లేదు. బీపీఎం సంగతి అడగనే అక్కర్లేదు, ఎందుకంటే లయ కొట్టి చూపే మెట్రోనోమ్ అనే పరికరానికి మెల్జెల్ పేటెంట్ తీసుకున్నది 1815లో, బాఖ్ పోయింది 1750లో. అంటే "ఈ రచన 67 బీపీఎం" అనే వాక్యానికి అర్థమే లేదు. "ఈ రికార్డింగ్ దాదాపు 67లో నడిచింది" అనొచ్చు. తేడా చిన్నదిలా అనిపిస్తుంది కానీ సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

వేరే రచనల మీద స్వరకర్తలు వేగం గురించి రాశారు, నిజమే, కానీ వాళ్ళు వాడిన ఇటాలియన్ మాటలు చూడండి. అల్లెగ్రో అంటే ఆ భాషలో ఉల్లాసంగా అని. ఆందాంతే అంటే నడుస్తున్నట్టు. గ్రావే అంటే గంభీరంగా. వేగం చెబుతున్నామనుకుంటూ వాళ్ళు చెప్పింది సగం భావమే. మెట్రోనోమ్ అంకెలు వచ్చాక ఈ మాటల పక్కన ఇంత నుంచి ఇంత అని పట్టికలు వేశారు గానీ, ఆ పట్టికలు ఒకదానికొకటి పొసగవు.

సరే, ప్రెల్యూడ్ వేగాన్ని మనమే లెక్కేద్దాం, యాప్ అవసరం లేదు. ఇందులో 42 బార్లు (మన తాళం ఆవర్తనాల్లాంటివి) ఉన్నాయి, బార్‌కి నాలుగు బీట్లు (దెబ్బలు), మొత్తం 168. రికార్డింగ్ నిడివి రెండున్నర నిమిషాలైతే 168ని 150 సెకన్లతో భాగించి 60తో గుణిస్తే 67 చిల్లర వస్తుంది. ఎవరైనా రెండు నిమిషాల్లో ముగిస్తే 84. మూడు నిమిషాలు తీసుకుంటే 56. కాగితం మీద స్వరాలు అవే, ఒక్కటి కూడా మారలేదు, కానీ 84 దగ్గర అది గలగలా పారే వాగులా ఉంటుంది, 56 దగ్గర ఎవరో ఆలోచించుకుంటూ ఒక్కో మాటా పైకే అంటున్నట్టు ఉంటుంది. రెండూ బాగుండొచ్చు. నాకు మధ్యలో ఎక్కడో ఉండేవే ఇష్టం, మరీ నెమ్మదిగా వాయిస్తే ఇది నాట్య సూట్‌కి ముందు వచ్చే ముక్క అన్న సంగతి మరుగున పడిపోతుందని నా ఫిర్యాదు.

మరి 134 ఎక్కడినుంచి వచ్చింది? ఇది మన సంగీత పాఠాల్లో కూర్చున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సరళీ వరసలు ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం అని పాడిస్తారు కదా, తాళం వేసే చెయ్యి అదే నడకలో ఉంటుంది, దెబ్బకి పడే స్వరాల సంఖ్య మాత్రం రెట్టింపవుతుంది. ఈ ప్రెల్యూడ్‌లో బీట్‌కి నాలుగు స్వరాలు, చివరి బార్ తప్ప అన్ని బార్లలోనూ దాదాపు ఆగకుండా ఇదే వరస. 67 వేగంలో సెకనుకి నాలుగున్నర స్వరాలు. ఇప్పుడు యంత్రం నాలుగు స్వరాలకో దెబ్బ వేసుకుంటే 67, రెండు స్వరాలకో దెబ్బ వేసుకుంటే 134. ఇంకో తిరకాసు, మొదటి బార్లలో ఎనిమిది స్వరాల అల్లిక ఒకటి వచ్చి, వెంటనే అదే మళ్ళీ వస్తుంది. ఆ అల్లికకో దెబ్బ అనుకుంటే 34 దగ్గర తేలుతుంది. మూడూ లెక్కకి సరైనవే. తాళం ఎక్కడ వేయాలన్నది మనిషి పసిగట్టాల్సిన విషయం, సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కువ పాటలు ఉండే వేగాల వైపు, అంటే 100, 120 చుట్టుపక్కలకి, మొగ్గు చూపేలా తయారైంది. పాప్ పాటలకి ఆ మొగ్గు పనికొస్తుంది, ఒంటరి చెల్లోకి కాదు.

ఇక్కడ ఇంకా లోతుకి వెళ్ళాలి, ఎందుకంటే చెల్లో అంటేనే యంత్రాలకి అంత తేలిగ్గా అంతుపట్టని వాద్యం. వేగం కనిపెట్టే ప్రోగ్రాములు చాలావరకు చేసేది ఒకటే, శబ్దంలో ఎక్కడెక్కడ హఠాత్తుగా కొత్త శక్తి పుట్టుకొచ్చిందో గుర్తించి, ఆ గుర్తుల మధ్య దూరం ఎంత క్రమంగా ఉందో చూడటం. డ్రమ్ కొడితే ఆ గుర్తు సూదిమొనలా ఉంటుంది. పియానోలో సుత్తి తీగని తాకిన క్షణం స్పష్టం. చెల్లోలో? కమాను అప్పటికే తీగ మీద ఉంది, కదులుతోంది, ఒకే కమాను లాగుడులో నాలుగు స్వరాలు కలిపి వాయిస్తే ఎడమ చేతి వేళ్ళు మారుతున్నాయే గానీ శబ్దం ఎక్కడా తెగలేదు, కొత్తగా మొదలవలేదు. ఒక స్వరం ఇంకో స్వరంలోకి జారిపోతుంది. దీనికి తోడు వైబ్రాటో, తీగ మీద వేలిని సెకనుకి ఐదారుసార్లు ఊపుతారు, ఆ ఊపుకి శబ్దం స్థాయి కూడా కొద్దిగా పెరిగి తగ్గుతూ ఉంటుంది, ప్రోగ్రాము దాన్ని కూడా లయ అనుకునే ప్రమాదం ఉంది. చర్చిలో రికార్డ్ చేస్తే ప్రతిధ్వని వల్ల ముందు స్వరం తోక తర్వాతి స్వరం మీద పడుతుంది, ఉన్న కాస్త అంచులు కూడా అరిగిపోతాయి. పైగా ప్రతిధ్వని ఎక్కువున్న చోట వాయించేవాళ్ళు సహజంగానే కాస్త నిదానిస్తారు, లేకపోతే స్వరాలన్నీ కలగాపులగం అవుతాయి. అంటే గది కూడా వేగంలో వేలుపెడుతోంది.

ఇదంతా దాటి యంత్రం సరైన అంకె చెప్పినా, అది సగటే. ప్రెల్యూడ్ సగం దాటగానే, 22వ బార్‌లో, డి స్వరం మీద ఆగమని గుర్తు ఉంది. అక్కడ ఒకరు చిన్న ఊపిరి తీసుకుని కదిలిపోతారు, ఇంకొకరు గది మొత్తం నిశ్శబ్దం అయ్యేదాకా ఆగుతారు. ప్రతి అల్లికలోనూ మొదటి మంద్ర స్వరం మీద కాస్త ఆగి, ఆ ఆలస్యాన్ని మిగతా ఏడు స్వరాల్లో సర్దేసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరు కళాకారుల సగటు సరిగ్గా 67 వచ్చినా, ఒకరిది గడియారం నడక, ఇంకొకరిది మాట్లాడే మనిషి నడక కావచ్చు. సగటు చూసి ఆ తేడా పట్టుకోలేం.

ఇప్పుడు కీ. దీని గురించి చెప్పేటప్పుడు చాలామంది "జి మేజర్ అంటే జి తో మొదలయ్యే స్కేల్" అని ముగించేస్తారు. మనకి ఇంతకంటే మంచి దారి ఉంది. మన సంగీతంలో శ్రుతి వేరు, మేళం వేరు. ఒకటో శ్రుతిలో పాడినా, నాలుగో శ్రుతిలో పాడినా శంకరాభరణం శంకరాభరణమే. పాశ్చాత్యులు ఈ రెంటినీ కలిపి ఒకే పేరు పెట్టారు. జి మేజర్‌లో జి అనేది శ్రుతి, మేజర్ అనేది మేళం, స్వరస్థానాల వరకు చూస్తే శంకరాభరణమే. గమకాలు, సంచారాలు ఉండవు కాబట్టి రాగం అనకూడదు, సరే, కానీ అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

అయితే మనం గాయకుడి గొంతుని బట్టి శ్రుతి మార్చుకున్నట్టు చెల్లో మీద కీ మార్చేస్తే రుచి మారిపోతుంది, దానికి కారణం తీగలు. చెల్లోకి నాలుగు తీగలు, కింద నుంచి సి, జి, డి, ఎ. జి మేజర్‌లో వాయిస్తుంటే షడ్జమం జి, పంచమం డి, రెండూ వేలు పెట్టకుండా మోగే ఖాళీ తీగలే. ప్రెల్యూడ్ మొట్టమొదటి రెండు స్వరాలు అవే, ఖాళీ జి, ఖాళీ డి. వేలితో నొక్కిన తీగ కంటే ఖాళీ తీగ ఎక్కువసేపు, ఎక్కువ తేటగా మోగుతుంది, పక్క తీగలు కూడా వాటంతటవే సన్నగా కంపిస్తాయి, వాద్యం మొత్తం తెరుచుకున్నట్టు ఉంటుంది. వాయించడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి కూడా ఈ ముక్క అంత నిండుగా వినిపించడానికి బాఖ్ ఎన్నుకున్న కీయే పెద్ద కారణం.

ఆరు సూట్ల కీలు వరసగా చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. జి మేజర్, డి మైనర్, సి మేజర్, ఇ ఫ్లాట్ మేజర్, సి మైనర్, డి మేజర్. షడ్జమం ఖాళీ తీగ మీద దొరకనిది ఒక్క నాలుగోదే. అందుకే అది విన్నప్పుడు కొంచెం మూసుకున్నట్టు, గొంతు దాచుకున్నట్టు ఉంటుంది, వాయించేవాళ్ళ ఎడమ చేతికి పరీక్ష కూడా. ఇక ఐదో సూట్‌కి బాఖ్ ఏకంగా పై ఎ తీగని ఒక స్వరం కిందకి, జి కి, దించి కట్టమన్నాడు. ఆరోది ఐదు తీగల వాద్యానికి రాశాడు. కీ అంటే చెక్కకీ తీగకీ సంబంధించిన సంగతి అని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి. మైనర్ కాబట్టి విషాదం, మేజర్ కాబట్టి సంతోషం అనే పాఠం దగ్గరే ఆగిపోతే ఇదంతా కనపడదు.

సరే, రికార్డింగ్ జి మేజర్‌లో ఉన్నా యంత్రం ఎఫ్ షార్ప్ మేజర్ అని చూపించడం ఒకటుంది. తప్పు కాదు అది. ఈ కాలంలో ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోవడం ప్రమాణం. బాఖ్ నాటి బరోక్ కాలపు పద్ధతిలో వాయించేవాళ్ళు ఎక్కువగా 415 వాడతారు, అది దాదాపు ఒక అర్ధస్వరం (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం) తక్కువ. కళాకారుడు చూసేది జి మేజర్ కాగితమే, వేళ్ళు పెట్టేది జి మేజర్ స్థానాల్లోనే, కానీ గాల్లో తేలి వచ్చే శబ్దం 440 లెక్క ప్రకారం ఎఫ్ షార్ప్. డచ్ చెల్లిస్ట్ పీటర్ విస్పెల్వే 2012లో విడుదల చేసిన రికార్డింగ్‌లో ఇంకా కిందకి, 392కి దిగాడు, అంటే ఒక పూర్తి స్వరం తక్కువ, అది యంత్రానికి ఎఫ్ మేజర్. మనవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు, శ్రుతి తగ్గించి పాడారు, అంతే.

పాత రికార్డుల విషయంలో ఇంకో చిక్కు. గ్రామఫోన్ ప్లేటుని అసలు వేగం కంటే 6 శాతం ఎక్కువ తిప్పి కాపీ చేస్తే శబ్దం ఒక అర్ధస్వరం పైకి పోతుంది, దాంతోపాటు వేగమూ 6 శాతం పెరుగుతుంది, 67 కాస్తా 71 అవుతుంది. స్పెయిన్ చెల్లిస్ట్ పాబ్లో కాజల్స్ ఈ సూట్లని 1936 నుంచి 1939 మధ్య లండన్, పారిస్‌లలో రికార్డ్ చేశాడు, పదమూడేళ్ళ వయసులో, 1890లో, బార్సిలోనాలోని ఒక దుకాణంలో ఈ సంగీతం అచ్చు ప్రతి ఆయన కంటపడిందన్న కథ చెల్లో వాయించే ప్రతివాళ్ళకీ తెలుసు. అలాంటి కాలపు రికార్డింగులు డిజిటల్‌లోకి వచ్చేటప్పుడు ఎవరు ఏ వేగంతో తిప్పారన్నదాన్ని బట్టి కీ, వేగం రెండూ కలిసే జరుగుతాయి. కాబట్టి రెండు కాపీల్లో కీ అర్ధస్వరం తేడాగా, వేగం కూడా ఆ మేరకే తేడాగా ఉంటే అనుమానించాల్సింది కళాకారుణ్ణి కాదు, ప్లేటు తిప్పిన మోటారుని.

ఇక జి మేజర్‌ని డి మేజర్ అనో, ఇ మైనర్ అనో చూపించడం. ఇక్కడ యంత్రం ఎలా ఆలోచిస్తుందో కొంచెం చూడాలి. అది పాట మొత్తంలో పన్నెండు స్వరస్థానాల్లో ఒక్కోదానికీ ఎంత శక్తి వచ్చిందో కూడి, ఆ పన్నెండు అంకెల వరసని 24 కీల నమూనాలతో పోల్చి, దేనికి దగ్గరగా ఉంటే ఆ పేరు పెడుతుంది. ఈ నమూనాల్లో బాగా పేరున్నవి కరోల్ క్రమ్‌హాన్సల్, ఎడ్వర్డ్ కెస్లర్ 1982లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చాయి, శ్రోతలకి ఒక కీని వినిపించి, ఆ తర్వాత ఒక్కో స్వరం ఎంతబాగా ఇమిడిందో అడిగి రాబట్టినవి. మంచి పనే. కానీ ఈ పద్ధతికి స్వరాలు ఏ వరసలో వచ్చాయో తెలియదు, ఎంత వచ్చాయో మాత్రమే తెలుసు. గ్రహభేదం తెలిసినవాళ్ళకి ఇక్కడే లైటు వెలుగుతుంది. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జమం చేసుకుంటే నఠభైరవి వస్తుంది, స్వరాలు అవే, ఆధారం మారింది. జి మేజర్, ఇ మైనర్ మధ్య చుట్టరికం అచ్చంగా ఇదే. ఆధారం ఏదో చెవి చెబుతుంది, కూడిక చెప్పదు.

డి మేజర్ అనడానికి కారణం ప్రెల్యూడ్‌లోనే ఉంది. చివరి భాగంలో బాఖ్ చాలాసేపు పంచమం చుట్టూనే తిరుగుతాడు. డి ని కింద మోగిస్తూ దానిపైన అర్ధస్వరాల మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతాడు. మొత్తం శక్తి లెక్కేస్తే డి పైచేయి అయినా ఆశ్చర్యం లేదు. దీనికి తోడు అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు దానిపైన పుట్టే సన్నటి స్వరాలు. 98 హెర్ట్జ్ దగ్గరుండే ఖాళీ జి తీగని లాగితే 196, 294, 392, 490 దగ్గర కూడా శబ్దం పుడుతుంది, అందులో 294 అంటే డి, 490 అంటే దాదాపు బి. శ్రుతి బాగా కలిసిన తంబూరా మీటితే ఎవరూ మీటని అంతర గాంధారం వినిపిస్తుందే, అదే ఇది. ఒక్క తీగలోనే మేజర్ ఛాయ దాగి ఉంది. అందుకని సి మైనర్‌లో ఉన్న ఐదో సూట్ లాంటివాటిలో సి తీగ మోగినప్పుడల్లా లోపలినుంచి మేజర్ గాంధారం సన్నగా తొంగిచూస్తూ మైనర్ గాంధారంతో గొడవపడుతుంది, యంత్రం తికమకపడుతుంది. అదే సూట్‌లోని సరబాంద్ అనే నాట్య ముక్కలో ఒక్క కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) కూడా లేదు, ఒంటి వరస స్వరాలు, అందులోనూ తక్కువ. కింద ఉండాల్సిన ఆధారాన్ని వినేవాళ్ళే మనసులో వేసుకోవాలి.

ఇంకొన్ని రచనలకి ఒకే కీ అని పేరు పెట్టడమే కుదరదు. స్వరకర్త బ్రూఖ్ చెల్లోకి రాసిన కోల్ నిద్రెయ్ డి మైనర్‌లో మొదలై రెండో సగం డి మేజర్‌లోకి తెరుచుకుంటుంది, దాని అందమంతా ఆ మలుపులోనే ఉంది. ద్వోర్జాక్ చెల్లో కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) బి మైనర్ అని అట్ట మీద ఉంటుంది, ముగిసేది బి మేజర్‌లో. 1895లో తన భార్య అక్క జోసెఫీనా చనిపోయాక ఆయన ఆ ముగింపుని తిరగరాసి, ఆమెకి ఇష్టమైన తన పాట చరణాన్ని అందులో గుర్తు చేసుకుంటూ, వేగాన్ని బాగా తగ్గించి నిదానంగా వాయించే భాగం ఒకటి చేర్చాడు. ఆ చివరి అంకానికి ఒక్క బీపీఎం, ఒక్క కీ రాసి పెడితే ఆ మార్పు మొత్తం లెక్కలోంచి ఎగిరిపోతుంది.

మూడ్ దగ్గరికొద్దాం. ఇది అన్నిటికంటే మెత్తటి నేల, కాలు దిగబడుతుంది. సంగీత సైట్లు వాడే పద్ధతి వెనక ఒక పాత మనస్తత్వశాస్త్ర ఆలోచన ఉంది, జేమ్స్ రస్సెల్ 1980లో ప్రతిపాదించిన రెండు గీతల పటం. అడ్డగీత మీద మనసుకి హాయిగా ఉందా, కష్టంగా ఉందా. నిలువుగీత మీద ఉద్రేకం ఎంత. హాయి, ఉద్రేకం రెండూ ఎక్కువైతే ఉత్సాహం, హాయి ఉండి ఉద్రేకం తక్కువైతే ప్రశాంతత, రెండూ తక్కువైతే విషాదం. స్పాటిఫై లాంటివి వాలెన్స్ (హాయి), ఎనర్జీ (ఉద్రేకం) అని 0 నుంచి 1 దాకా ఇస్తూ వచ్చిన అంకెలు ఈ రెండు గీతలకీ చుట్టాలే.

చెల్లోకి ఈ పటంలో ముందే చోటు రాసిపెట్టేశారు. గిటార్, వయొలిన్‌ల కంటే దాని గొంతు కింది స్థాయిలో ఉంటుంది, ఖాళీ సి తీగ 65 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అంచులు మెత్తగా ఉంటాయి. ఒంటరిగా వాయిస్తే డ్రమ్ములూ బేసూ ఉన్న పాటతో పోలిస్తే శక్తి తక్కువ. బాధలో ఉన్న మనిషి ఎలా మాట్లాడతాడు? నెమ్మదిగా, కింది స్థాయిలో, తగ్గు స్వరంతో, మాటలు ఒకదాంట్లోకి ఒకటి కలిపేస్తూ. చెల్లో లెగాటోలో, అంటే స్వరాలు తెగకుండా కలిపి, వాయిస్తే ఈ లక్షణాలన్నీ ఉంటాయి, అందుకే మనకీ అది చటుక్కున మనిషి గొంతులా తగులుతుంది, యంత్రమూ అదే వరసలో ఉద్రేకం తక్కువ అని రాసుకుంటుంది. ఇక్కడిదాకా ఇద్దరం ఒకటే. దీని తర్వాత విడిపోతాం.

మూడు రచనల్ని పక్కపక్కన పెట్టి చూడండి. బాఖ్ ప్రెల్యూడ్ జి మేజర్. సెయింట్ సాన్స్ 1886లో రాసిన హంస అనే ముక్క కూడా జి మేజర్. ఎల్గర్ 1919 నాటి కాన్చెర్టో ఇ మైనర్, అంటే జి మేజర్‌తో స్వరాలు పంచుకునేదే. యంత్రం పక్కనుంచి చూస్తే మూడూ ఒకే వీధిలో ఉన్నాయి. వినండి, హంసలో చెల్లో ఒకే పొడవాటి వరసని నీటి మీద జార్చినట్టు పాడుతుంటే కింద రెండు పియానోలు అలల్లా కదులుతుంటాయి. ఇక్కడొక తమాషా, వేగం లెక్క కట్టే ప్రోగ్రాము చెల్లోని వదిలేసి ఆ పియానో అలల్ని పట్టుకుంటుంది, హంస వేగం అడిగితే నీళ్ళ వేగం చెబుతుందన్నమాట. బాఖ్‌లో అలలే ఉన్నాయి, హంస లేదు, ఆ అలల మీద పాటని మనమే ఊహించుకోవాలి. ఎల్గర్ సంగతి పూర్తిగా వేరు, మొదటి నాలుగు కార్డులే తలుపు తన్నినట్టు వస్తాయి, ఆ తర్వాత వచ్చే 9/8 తాళంలోని వరస చెప్పీ చెప్పకుండా నడుస్తుంది. 1965లో, ఇరవై ఏళ్ళ వయసులో జాక్లీన్ దు ప్రే దీన్ని బార్బిరోలి సారథ్యంలో రికార్డ్ చేసింది, వేగాన్ని అక్కడక్కడ సాగదీసి గుండెలు పిండేసేలా. కానీ ఎల్గర్ తనే సారథ్యం వహించి బియాట్రిస్ హారిసన్‌తో 1928లో చేసిన రికార్డింగ్ ఉంది, అది అంతకంటే చురుగ్గా నడుస్తుంది, ఏడుపు తక్కువ, హుందాతనం ఎక్కువ. రాసినాయన కళ్ళముందే ఇలా ఉంటే, ఈ రచన మూడ్ విషాదం అని ఒక్క మాటలో ముద్ర వేసేదెలా? నాకు దు ప్రే రికార్డింగ్ అంటే ప్రాణం, ఆ సంగతి దాచను, కానీ అది ఎల్గర్ కాన్చెర్టోకి ఒక పక్కే.

ఒకే మనిషి చేతిలో కూడా మూడ్ మారుతుంది. చెల్లిస్ట్ యో యో మా ఈ బాఖ్ సూట్లని మూడుసార్లు రికార్డ్ చేశాడు, మొదటిది 1980ల్లో, రెండోది 1990ల్లో, మూడోది 2018లో విడుదలైంది. స్వరాలు మారలేదు, కీ మారలేదు. మారింది కమాను మీద ఎంత బరువు వేస్తున్నాడు, స్వరాన్ని ఎంతసేపు మోగనిచ్చి వదులుతున్నాడు, ఎక్కడ తొందరపడకుండా ఆగుతున్నాడు అన్నవే. మైకు ఎంత దగ్గర పెట్టారన్నది కూడా చిన్న విషయం కాదు. దగ్గరగా పెడితే కమాను తీగని గీరే గరగర, వాయించే మనిషి ఊపిరి కూడా వినబడతాయి, ఎవరో మన గదిలోనే కూర్చున్నట్టు ఉంటుంది. దూరంగా పెడితే అదే వాయింపు ప్రార్థనలా మారుతుంది. ఈ రెండింటికీ బీపీఎం ఒకటే, కీ ఒకటే.

యంత్రం ప్రశాంతం అని రాసిన ప్రెల్యూడ్‌ని ఒక్కసారి చివరి నిమిషం మాత్రమే వినండి. శబ్దం మరీ పెద్దదేమీ అవదు, స్వరాల వేగం పెరగదు, సెకనుకి అవే నాలుగున్నర. కొలిచే పరికరానికి ఏమీ జరగనట్టే. కానీ ఖాళీ ఎ తీగ ఒక పక్క ఆగకుండా మోగుతుంటే దాని పక్కన వరస అటూ ఇటూ ఊగుతుంది, ఆ తర్వాత డి స్వరం పునాదిగా అర్ధస్వరాల మెట్లు పైపైకి వెళ్తుంటే, జి ఇంకా రాదేం, ఇంకా రాదేం అని మనకి లోపల టెన్షన్ పెరిగిపోతూ ఉంటుంది. ఆ టెన్షన్‌కి వేగంతో పని లేదు, శబ్దం స్థాయితో పని లేదు, షడ్జమాన్ని అందకుండా ఆపి ఉంచడమే దానికి కారణం. సాఫ్ట్‌వేర్ సగటు తీస్తుంది, మనం ఎదురుచూస్తాం.

మీరే ఒకసారి కొలవాలనుకుంటే ఒక చిన్న జాగ్రత్త. మొత్తం నిడివి తీసుకుని 168తో లెక్క కట్టకండి, మొదటి పది బార్లకి, అంటే 40 బీట్లకి, ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి, తర్వాత మెట్లెక్కే ఆ చివరి భాగానికి విడిగా చూడండి. రెండు అంకెల మధ్య తేడానే ఆ కళాకారుడి సంతకం. మొత్తం నిడివి ఎందుకు వద్దంటే 42వ బార్‌లో స్వరాల వరస ఉండదు, ఒకే ఒక్క జి మేజర్ కార్డ్ ఉంటుంది. లెక్క ప్రకారం దానికి నాలుగు బీట్లు, 67 వేగంలో మూడున్నర సెకన్లు. కానీ అంతసేపు ఆపి ఉంచిన జి చివరికి దొరికాక కమానుని లెక్క ప్రకారం ఎత్తేసేవాళ్ళు తక్కువ. కొందరు శబ్దం చెక్కలోకి ఇంకిపోయేదాకా లాగుతూనే ఉంటారు, కమాను ఎత్తాక కూడా ఖాళీ జి తీగ ఇంకాసేపు తనంతట తానే మోగుతుంది, ట్రాక్ నిడివిలో ఆ మోత కూడా కలిసిపోతుంది.